కొడాక్ ఊళ్ళో వెండి బొమ్మలు

సామాన్యుడి చేతికి కెమెరా ఇచ్చిన ఊరు రాచెస్టర్. ఒక్క బొమ్మకు పూటంతా పట్టే డాగెరోటైప్ కూడా ఆ ఊళ్ళోనే ఊపిరి నిలుపుకుంది. పాత రేకులను కాపాడేవాళ్ళూ కొత్త రేకులు చేసేవాళ్ళూ ఒకరి మీద ఒకరు ఆధారపడి బతికించుకున్న విద్య ఇది.

న్యూయార్క్ రాష్ట్రానికి పడమటి వైపున, ఒంటారియో సరస్సు ఒడ్డున ఉంటుంది రాచెస్టర్. జనాభా రెండు లక్షల పైచిలుకు. అక్కడి రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుకోవడానికి వెళ్ళే తెలుగు పిల్లల వల్ల ఆ పేరు మన ఇళ్ళలోనూ వినిపిస్తూనే ఉంటుంది. ఊరి నడిబొడ్డున జెనెసీ నది జలపాతమై దూకుతుంది. ఒకప్పుడు ఆ నీటి బలంతో తిరిగిన పిండిమరలే ఊరికి అన్నం పెట్టాయి. తర్వాత ఆ బాధ్యత కొడాక్ తీసుకుంది.

1888లో జార్జ్ ఈస్ట్‌మన్ తన కొడాక్ కెమెరాను బజారులోకి దించాడు. 25 డాలర్ల పెట్టె అది. 100 ఫొటోలకు సరిపడా ఫిల్ము చుట్ట లోపల బిగించే ఉండేది. చుట్ట అయిపోయాక పెట్టె పెట్టెనే రాచెస్టర్‌కు పంపితే ఫొటోలు కడిగి, కొత్త చుట్ట వేసి తిరిగి పంపేవాళ్ళు. ‘మీరు బటన్ నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం’ అన్నది కంపెనీ ప్రకటన. అంతవరకూ స్టూడియోవాడి సొత్తుగా ఉన్న ఫొటో ఆ దెబ్బతో పిల్లాజెల్లా చేతికొచ్చింది. 1982 నాటికి ఒక్క ఈ ఊళ్ళోనే కొడాక్‌లో పనిచేసేవాళ్ళు 60 వేలు దాటారు.

ఫిల్మును మింగేసిన డిజిటల్ కెమెరా పుట్టిందీ ఇక్కడే. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ దాన్ని తయారుచేశాడు. కంపెనీ దాన్ని పక్కన పెట్టింది, చివరికి 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. ఈ కథ వ్యాపార పాఠాల్లో నలిగిపోయినదే. అంతగా చెప్పుకోని కథ ఇంకొకటి ఉంది. బటన్ నొక్కే రోజులకు అర్ధ శతాబ్దం ముందటి పద్ధతి ఒకటి ఇదే ఊళ్ళో మళ్ళీ చిగురించింది. కొడాక్ ప్రకటనలోని ఆ ‘మిగతాది’ ఉందే, డాగెరోటైప్‌లో ఉన్నదంతా అదే.

అద్దంలో అద్దం

ఈస్ట్ అవెన్యూలో ఈస్ట్‌మన్ కట్టించుకున్న 50 గదుల మేడ ఉంది. 1905లో ఆయన అందులోకి మారాడు. 1949లో అది ఫొటోగ్రఫీ మ్యూజియంగా జనానికి తలుపులు తెరిచింది. ఇప్పుడు జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం అంటున్నారు. అక్కడ భద్రపరిచే గదుల్లో 3 వేలకు పైగా డాగెరోటైప్‌లున్నాయి. వాటిలో ఫ్రెంచి భాగం చాలావరకు గాబ్రియెల్ క్రోమెర్ అనే ఫొటోగ్రాఫర్ జీవితమంతా కూడబెట్టినది. ఆయన పోయాక, 1939లో, ఆయన భార్య దగ్గర కొడాక్ కంపెనీ ఆ సేకరణను కొని సముద్రం దాటించింది. రెండో ప్రపంచయుద్ధం అప్పటికి గుమ్మంలో ఉంది. అమెరికా భాగానికి తలమానికం బోస్టన్‌లో సౌత్‌వర్త్, హాస్ అనే భాగస్వాములు 1840లు, 50ల్లో తీసిన ముఖచిత్రాలు. వాళ్ళ రేకులు ప్రపంచంలో ఇంకెక్కడా ఇన్ని లేవు.

ఇంతకీ డాగెరోటైప్ అంటే ఏమిటి? రాగి రేకుకు వెండి పూత పూసి, ఆ వెండి మీదే నేరుగా బొమ్మ పుట్టించడం. నెగటివ్ ఉండదు, కాపీ తీయడం కుదరదు. ఎదుట కూర్చున్న మనిషి ముఖం నుంచి వచ్చిన వెలుగు ఏ రేకును తాకిందో ఆ రేకే ఫొటో. పారిస్‌లో లూయీ డాగేర్ రూపొందించిన ఈ పద్ధతిని 1839 జనవరి 7న శాస్త్రవేత్త అరాగో సైన్స్ అకాడమీలో ప్రకటించాడు. ఆగస్టు 19న గుట్టంతా విప్పాడు. బదులుగా ఫ్రెంచి ప్రభుత్వం డాగేర్‌కు ఏటా 6 వేల ఫ్రాంకులు, ఆయన దివంగత భాగస్వామి నియెప్స్ కొడుకుకు 4 వేల ఫ్రాంకులు పింఛను ఇచ్చింది. ఇరవయ్యేళ్ళు ఈ విద్య లోకాన్ని ఏలింది. ఆ తర్వాత గాజు పలకలు, కాగితం ప్రింట్లు వచ్చాయి. అవి చౌక, పైగా ఎన్ని కాపీలంటే అన్ని. డాగెరోటైప్ మూలపడింది.

అచ్చులో ఎన్ని డాగెరోటైప్‌లు చూసినా అసలుది చేతిలోకి తీసుకుంటే ఆశ్చర్యపోక తప్పదు. మొదట కనిపించేది మన ముఖమే. అది అద్దం మరి. రేకును కాస్త వంచి, ఎదురుగా ఏదైనా నల్లటి గుడ్డ ప్రతిఫలించేలా పట్టుకుంటే అప్పుడు తేలుతుంది బొమ్మ. ఇంకొంచెం వంచితే తెల్లనిది నల్లగా, నల్లనిది తెల్లగా తిరగబడుతుంది. అద్దంలో లాగే కుడి ఎడమలు మారి ఉంటాయి. చొక్కా గుండీలు అటుది ఇటుగా కనిపిస్తాయి. ఎక్కువమంది తీయించుకున్నది రెండుముప్పావు అంగుళాల వెడల్పు, మూడుంపావు అంగుళాల ఎత్తు సైజు. అరచేతిలో ఇమిడిపోతుంది. ఒక్కరే చూడాలి, దగ్గరగా చూడాలి.

సూక్ష్మతకు హద్దు లేదు. 1848లో ఫాంటేన్, పోర్టర్ అనే ఇద్దరు ఒహాయో నది అవతలి ఒడ్డున నిలబడి సిన్సినాటి రేవును 8 రేకుల మీద తీశారు. ఆ రేకులు ఈస్ట్‌మన్ మ్యూజియం ప్రయోగశాలకు వచ్చినప్పుడు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. రేకు మీద మిల్లీమీటరుకు మించని గడియారం ముళ్ళు స్పష్టంగా కనిపించాయి. టైము మధ్యాహ్నం 1.55.

మెరుగు, పొగ, పాదరసం

ఇంత సూక్ష్మమైన బొమ్మ ఊరికే రాదు. పనంతా మెరుగులో ఉంది. వెల్వెట్టో జింక తోలో తొడిగిన పొడవాటి చెక్క బద్దల మీద, నగల మెరుగుకు వాడే ఎర్రటి రూజ్ పొడి చల్లి వెండిని రుద్దుతారు. గీత అన్నది కనిపించకుండా, లోతైన నల్లటి అద్దంలా మారేదాకా రుద్దుతూనే ఉంటారు. చివరి రుద్దుడు మాత్రం ఒకే దిక్కుకు సాగాలి. కంటికి అందని ఆ సన్నటి గీతలు, పూర్తయిన బొమ్మలో అడ్డంగా ఉండాలి. నిలువుగా ఉంటే పక్కనుంచి పడే వెలుగు వాటి మీద చెదిరి నలుపు వెలిసిపోతుంది. అందుకే నిలువు బొమ్మా, అడ్డం బొమ్మా అన్నది కెమెరా దగ్గర కాదు, మెరుగు పెట్టే బల్ల దగ్గరే తేల్చుకోవాలి.

తర్వాత రేకును అయొడిన్ పలుకులున్న పెట్టె మీద బోర్లిస్తారు. లేచే ఆవిరికి వెండి రంగు మారుతుంది. లేత పసుపు, ముదురు పసుపు, గులాబీ. ఇంకా ఉంచితే నీలం, ఆకుపచ్చ వచ్చి మళ్ళీ పసుపుకు తిరుగుతుంది. ఒక తెల్ల కాగితాన్ని ఎదురుగా పెట్టి, దాని ప్రతిబింబంలో ఆ రంగును చూసి సరిగ్గా ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాలి. ఆపైన బ్రోమిన్ ఆవిరి, చీకట్లో మళ్ళీ కాసేపు అయొడిన్. గదిలో వేడి, తేమ మారితే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. పుస్తకంలో రాసిన సెకన్లు ఎవరి చేతికీ అచ్చంగా నప్పవు.

బ్రోమిన్ పట్టించిన రేకుకు మంచి వెలుతురులో కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం వరకు చాలు. అంతసేపూ కూర్చున్న మనిషి కదలకూడదు. తల వెనక ఇనుప ఊత ఒకటి ఉంటుంది, ఫొటోలో కనపడదు. వెలుగు ఎక్కువ తాకిన చోట తెలుపు కాస్తా నీలమవుతుంది. తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చినవాడు నీలి చొక్కాతో ఇంటికెళ్తాడు. పాత స్టూడియోలకు ఇది తలవంపు. ఇప్పటి కళాకారులు కొందరు ఆ నీలాన్ని ఏరికోరి తెచ్చుకుంటారు, ఆకాశానికి ముఖ్యంగా.

కెమెరా నుంచి తీసిన రేకు మీద ఏమీ కనిపించదు. సుమారు 80 డిగ్రీలకు వేడిచేసిన పాదరసం మీద దాన్ని ఉంచుతారు. వెలుగు పడిన చోటల్లా వెండి, పాదరసం కలిసి మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేని రేణువులుగా పేరుకుంటాయి. అవే బొమ్మలోని తెలుపు. ఏ రేణువూ లేని అద్దం నలుపు. పాదరసం ఆవిరి నరాలను తినేస్తుంది కాబట్టి ఇప్పుడు ఈ పనంతా గాలిని బయటికి లాగేసే గాజు అరలో చేస్తారు. పాదరసం జోలికి వెళ్ళనివాళ్ళకు ఇంకో దారి ఉంది. ఒట్టి అయొడిన్ పట్టించిన రేకును కెమెరాలో ఎక్కువసేపు ఉంచి తీసి, ఎర్ర గాజు కింద గంటల తరబడి ఎండలో పెడితే బొమ్మ దానంతటదే పైకి వస్తుంది. 1840లో ఎడ్మండ్ బెకెరెల్ కనిపెట్టిన కిటుకు అది. ఈ తరంలో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చాలామంది దాంతోనే ఓనమాలు దిద్దుతారు.

మిగిలింది మన పాత స్టూడియోలవాళ్ళకు బాగా తెలిసిన హైపో. అందులో ముంచాక రేకును ఒక స్టాండు మీద సమంగా నిలిపి, పైన బంగారు లవణం కలిపిన నీళ్ళు పోసి, కింద మంట పెడతారు. బుడగలు లేస్తుండగా కళ్ళ ముందే ముఖానికి నిగారింపు వస్తుంది. ఆ బంగారం లేకపోతే బొమ్మ సీతాకోకచిలుక రెక్క మీది పొడిలా వేలు తగిలితే రాలిపోతుంది. ఉన్నా తాకకూడదనుకోండి. చివరికి గాజు పలక కింద పెట్టి అంచులన్నీ టేపుతో మూసేస్తారు. ఇన్ని మెట్లలో ఎక్కడ తప్పు జరిగినా ఆఖరి మెట్టు దాకా బయటపడదు. బయటపడితే మళ్ళీ రూజ్ పొడి, మళ్ళీ రుద్దుడు.

రేకుకు తట్టు పోస్తే

రాచెస్టర్‌లో ఈ విద్య తిరిగి మొదలైంది సరదాకు మాత్రమే కాదు. మ్యూజియాల్లో ఉన్న పాత రేకులు నల్లబడుతుంటే వాటిని ఎలా శుభ్రం చేయాలన్నది అప్పట్లో పెద్ద తలనొప్పి. 1950ల తర్వాత థయోయూరియా ద్రావణంతో కడగడం వాడుకలోకి వచ్చింది. కడగ్గానే రేకు తళతళలాడేది. కొన్నేళ్ళకు దాని మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు లేచేవి. సంరక్షకులు దానికి పెట్టుకున్న పేరు ‘తట్టు’. ఆ ద్రావణం మకిలితో పాటు వెండినీ కొరుకుతోంది. పైగా తన అవశేషాన్ని వదిలివెళ్తోంది.

ఈ చిక్కు విప్పడానికి రేకు గురించి లోతుగా తెలిసినవాళ్ళు కావాలి. అలాంటివారిలో ఇర్వింగ్ పొబ్బొరావ్‌స్కీ ఒకరు. 1971లో రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో అయొడిన్ పట్టించిన రేకుల మీద మాస్టర్స్ సిద్ధాంతవ్యాసం రాశారు. సొంతంగా డాగెరోటైప్‌లూ చేశారు. 1978లో, మకిలి వదిలించడంలోని చిక్కుల మీద ఆయన రాసిన వ్యాసం సంరక్షకులకు ఒక హెచ్చరిక అయింది. ఈస్ట్‌మన్ మ్యూజియంలో సంరక్షణ విభాగాన్ని నడిపిన గ్రాంట్ రోమర్ కూడా అదే కోవకు చెందినవారు. పాత రేకులకు వైద్యం చేస్తూనే కొత్త రేకులు చేశారు. ఈయన దగ్గర తర్ఫీదు పొంది ప్రపంచంలోని పలు మ్యూజియాలకు వెళ్ళిన సంరక్షకులు ఎందరో.

అప్పటికీ కథ కంచికి పోలేదు. 2005లో సౌత్‌వర్త్, హాస్‌ల రేకులతో న్యూయార్క్‌లో పెద్ద ప్రదర్శన పెట్టారు. నూటయాభై ఏళ్ళు నిలిచిన ముఖాలు ఆ కొద్ది వారాల ప్రదర్శనలోనే కొన్ని మసకబారడం మొదలైంది. ఎవరూ ముట్టుకోలేదు, నీళ్ళు పడలేదు. మ్యూజియం సంరక్షకుడు రాల్ఫ్ వీగాండ్, యూనివర్సిటీ ఆఫ్ రాచెస్టర్ భౌతికశాస్త్రవేత్త నికొలస్ బిగెలో కలిసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులతో కారణాలు వెతికారు. రేకు మీద మిగిలిపోయిన లవణాల జాడలు, వెలుగు, గాలి, పాత గాజు కలిసి రేణువులతో చర్య జరుపుతున్నాయని తేలింది. కొన్ని రేకుల మీద బూజు కూడా పెరుగుతోంది. చివరికి ఆర్గాన్ వాయువు నింపి గాలి చొరకుండా మూసిన ప్రత్యేకమైన చట్రాలు తయారుచేశారు. ఎంత విలువైన రేకయినా ఎడాపెడా వెలుగులో పెట్టకూడదన్న జాగ్రత్త అప్పటి నుంచి బలపడింది.

ఇక్కడే కొత్త రేకుల అవసరం తెలిసొస్తుంది. సౌత్‌వర్త్ చేతిమీదుగా వచ్చిన రేకు మీద ప్రయోగం చేయలేం. దాన్ని ఏ లవణంతో చేశారో, బంగారం ఎంత పట్టించారో తెలుసుకోవాలంటే అదే పద్ధతిలో కొత్తది చేసి, దాన్ని పాడుచేసి చూడాలి. అంటే చేతనైనవాడు ఒకడు కావాలి. మార్క్ ఆస్టర్‌మన్ ఫొటోగ్రఫీ పద్ధతుల చరిత్రకారుడిగా ఈ మ్యూజియంలో ఏళ్ళ తరబడి నడిపిన శిక్షణ శిబిరాల వెనక ఉన్న ఆలోచన ఇదే. ఫొటో చరిత్ర చెప్పేవాడి వేళ్ళకు కాస్తయినా మందు మరకలు అంటాలి.

సరస్సుకు అవతలి వైపు టొరంటోలో ఉంటారు మైక్ రాబిన్సన్. ఈ తరం డాగెరోటైప్ గురువుల్లో పెద్ద పేరు. సౌత్‌వర్త్, హాస్ అంత పెద్ద రేకుల మీద చర్మానికి అంత సజీవమైన నిగారింపు ఎలా తెచ్చారన్నది ఆయన్ను వదలని ప్రశ్న. దాన్ని చదివి కాక, చేసి తేల్చుకోవడం ఆయన దారి.

ఇప్పుడెందుకు ఈ పని?

ఈ వేళ డాగెరోటైప్ చేసేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే. 1988లో ఏర్పడిన డాగెరియన్ సొసైటీ అమెరికాలో సేకర్తలను, చరిత్రకారులను, చేసేవాళ్ళను ఒక చోటికి చేర్చింది. మిగతా లోకానికి ఈ పేరు మళ్ళీ వినిపించేలా చేసింది మాత్రం చిత్రకారుడు చక్ క్లోజ్. పెద్ద పెద్ద ముఖాలను రంధ్రాలతో, ముడతలతో సహా గీసిన మనిషి ఆయన. 1990ల చివర్లో జెర్రీ స్పాన్యోలి అనే డాగెరోటైప్ నిపుణుడితో జత కట్టాడు. ఎండ కోసం ఆగకుండా భారీ ఫ్లాష్ దీపాల వెలుగును ఒక్క క్షణంలో ముఖం మీద కుమ్మరించేవాళ్ళు. సంగీతకారుడు ఫిలిప్ గ్లాస్, ఫొటోగ్రాఫర్ సిండీ షెర్మన్ లాంటి స్నేహితులు ఆ వెలుగు ముందు కూర్చున్నారు. 2009లో డబ్ల్యూ పత్రిక కోసం సినీ నటుడు బ్రాడ్ పిట్ కూర్చున్నాడు. మేకప్ లేదు, టచప్ కుదరదు. తెరమీద చూసే ముఖం వేరు, వెండి మీద చూసిన ముఖం వేరు. ఈ పద్ధతి చర్మంలోని ఎరుపును, మచ్చలను ముదురు చేసి చూపిస్తుంది. అందగాడికీ మినహాయింపు లేదు.

జపాన్‌లో తకాషి అరాయ్ ఇదే పద్ధతిని ఇంకో బరువైన పనికి పెట్టాడు. 1954లో బికినీ దీవి దగ్గర హైడ్రోజన్ బాంబు బూడిద మీద పడిన ‘లక్కీ డ్రాగన్’ చేపల పడవను, హిరోషిమా, నాగసాకిలను, ఫుకుషిమా ప్రమాదం తర్వాత అక్కడి మనుషులను రేకులకు ఎక్కించాడు. 2016లో ఆయనకు జపాన్‌లో ప్రతిష్ఠాత్మకమైన కిమురా ఇహే పురస్కారం వచ్చింది. ఒక్కో రేకూ ఆయన దృష్టిలో ఒక చిన్న స్మారకం. ఆ స్థలంలో ఉన్న వెలుగే దాన్ని తాకింది కాబట్టి దానికి ఆ హోదా దక్కుతుంది.

వియత్నాంలో పుట్టి పసితనంలోనే శరణార్థిగా అమెరికా చేరిన బిన్ డాన్ ఒక వ్యాన్‌ను డార్క్‌రూమ్‌గా మార్చి, దానికి డాగేర్ పేరు మీద ‘లూయీ’ అని పేరు పెట్టి యోసెమిటీ లోయల్లో తిరిగాడు. ఆయన తీసిన కొండల్లో చూసేవాడి ముఖం కూడా కలుస్తుంది. అంతకంటే కలతపెట్టేవి ఆయన చేసిన కంబోడియా రేకులు. ఖ్మేర్ రూజ్ పాలనలో తుఓల్ స్లెంగ్ జైలుకు తెచ్చినవాళ్ళను చంపే ముందు అధికారులు ఫొటోలు తీసేవారు. లెక్క కోసం తీసిన ఆ ముఖాలను బిన్ డాన్ వెండి మీదకు తెచ్చాడు. ఇప్పుడు ఆ కళ్ళలోకి చూడాలంటే ముందు మన ముఖాన్ని అదే అద్దంలో దాటాలి. లెక్కల పుస్తకంలో అంకెగా మిగిలిన మనిషికి మళ్ళీ ఒకరి ఎదుట ఒకరుగా కూర్చునే మర్యాద దక్కింది.

తనను ఎలా చూడాలో తానే నిర్ణయించుకోవడం కూడా ఒక హక్కేనని మొదట గ్రహించినవాళ్ళలో ఒకరు రాచెస్టర్‌వాసే కావడం విశేషం. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1847 నుంచి 1872 దాకా ఈ ఊళ్ళో ఉన్నాడు. ‘నార్త్ స్టార్’ పత్రికను ఇక్కడి నుంచే నడిపాడు. 19వ శతాబ్దపు అమెరికాలో ఆయనంత ఎక్కువగా ఫొటో తీయించుకున్నవాళ్ళు లేరంటారు పరిశోధకులు. ఇప్పటికి 160 దాకా దొరికాయి. తొలివి డాగెరోటైప్‌లే. నల్లవాళ్ళను వెకిలిగా గీసే కార్టూన్ల కాలంలో, వెండి అబద్ధం చెప్పదన్న నమ్మకంతో ఆయన కెమెరా ముందు నిటారుగా, నవ్వకుండా కూర్చున్నాడు. డాగేర్ కనిపెట్టిన దాన్ని మెచ్చుకుంటూ ఫొటోల మీదే ఉపన్యాసాలిచ్చాడు. ఆయన సమాధి ఊళ్ళోని మౌంట్ హోప్ శ్మశానంలో ఉంది.

ఇవన్నీ కలిపి చూస్తే రాచెస్టర్ గొప్పతనం పాత వస్తువులను దాచడంలో లేదని తెలుస్తుంది. దాచినదాన్ని అర్థం చేసుకోవడానికి మళ్ళీ చేసింది. చేసిచూసినందువల్ల దాచడం నేర్చుకుంది. కొడాక్ ఫ్యాక్టరీలో రసాయనం గురించి తెలిసినవాళ్ళు, యూనివర్సిటీలో మైక్రోస్కోపు ఉన్నవాళ్ళు, మ్యూజియంలో రేకులు ఉన్నవాళ్ళు, వెండి రుద్దే ఓపిక ఉన్నవాళ్ళు ఒకే ఊళ్ళో తారసపడ్డారు. అందుకే ఇంకెక్కడా ఇంతగా కుదరని పని ఇక్కడ కుదిరింది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన మనవాళ్ళ ప్రయాణంలో నయాగరా తప్పనిసరి. అక్కడికి రాచెస్టర్ కారులో గంటన్నర. వీలుంటే ఈస్ట్ అవెన్యూలో ఒక పూట ఆగండి. ఏ రేకులు బయట ఉంటాయో చెప్పలేం. వెలుగు పడనీయకుండా మార్చి మార్చి పెడుతుంటారు. ఉన్నవాటి ముందు మాత్రం ఫోన్ లోపల పెట్టేయండి. ఫోన్‌తో తీస్తే వచ్చేది ఫోన్ పట్టుకున్న మీ ఫొటోనే. జలపాతాన్ని వాట్సాప్‌లో పంపొచ్చు. ఈ బొమ్మను చూడాలంటే మాత్రం వెళ్ళాల్సిందే.